అడగండి, చెబుతాం: రోదసి స్టేషన్‌కు సరుకుల బండి

ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. మనిషి లేకుండా వెళ్లి, రోదసి స్టేషన్‌లో ఉన్నవాళ్లకు తిండి, నీళ్లు, ఇంధనం ఇచ్చే నౌకల గురించి అడిగారు. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాం. ఊరు మాత్రం వేశాం, పేర్లు వేయలేదు.

"మా ఊరి పక్క నుంచే రాకెట్లు పోతుంటాయి. సరుకేదో రాకెట్టే నేరుగా స్టేషన్‌కు చేర్చకూడదా? మధ్యలో ఇంకో నౌక ఎందుకు?" – ఒక టీచర్, సూళ్లూరుపేట

రాకెట్ పని పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుందండీ. కక్ష్యకు కావలసిన వేగం ఇచ్చి, సుమారు 200 కిలోమీటర్ల ఎత్తులో వదిలేస్తుంది. స్టేషన్ ఉండేది 400 పైన. అక్కడికి చేరాలంటే రోజుల తరబడి కరెంటు కావాలి, దారి చూసుకునే సెన్సర్లు కావాలి, ఏ దిక్కుకైనా కొద్దికొద్దిగా జరగడానికి చిన్న ఇంజన్లు కావాలి. రాకెట్ పై దశకు ఇవేవీ ఉండవు. ఉన్న ఒక్క ఇంజనూ స్టేషన్ దగ్గర వెలిగించేంత చిన్నది కాదు.

ఈ రకం నౌకల్లో మొదటిది సోవియట్ ప్రోగ్రెస్. 1978 జనవరి 20న బయలుదేరి రెండు రోజులకు సల్యూట్-6 స్టేషన్‌ను చేరింది. మనుషులు వెళ్లే సోయజ్ నౌకలోంచి సీట్లు, వేడి కవచం తీసేసి తయారుచేశారు. ముందు భాగం పొడి సరుకుల గది. మధ్యలో ఇంధనం ట్యాంకులు. వెనక ఇంజన్లు, కంప్యూటర్లు. ట్యాంకులను మనుషులు తిరిగే గదికి బయట పెట్టడంలో కిటుకుంది: ఇంధనం కారినా ఆ విషం శూన్యంలోకే పోతుంది, గదిలోకి రాదు. మొత్తం 7 టన్నుల నౌక, మోసేది రెండున్నర టన్నుల లోపు. ఇన్నేళ్లయినా దాని రూపు పెద్దగా మారలేదు.

"స్టేషన్ సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నౌక ఎలా అందుకుంటుంది? ఒకసారి మూడు గంటల్లో చేరిందంటారు, ఒకసారి రెండు రోజులంటారు." – ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

రోడ్డు మీద ముందు పోయే బండిని అందుకోవాలంటే యాక్సిలరేటర్ తొక్కుతాం. కక్ష్యలో అలా తొక్కితే వెనకబడతారు. వేగం పెంచితే కక్ష్య పైకి ఉబ్బి, చుట్టు పొడవవుతుంది. కాబట్టి నౌక కింది కక్ష్యలోనే ఉండి తరుముతుంది. గుడి లోపలి ప్రాకారంలో ప్రదక్షిణ చేసేవారు ఒక చుట్టు ముగించేసరికి మాడవీధుల్లో నడిచేవారు ఇంకా ఒక మూల తిరుగుతుంటారు కదా, అలాగన్నమాట. పైగా కక్ష్యల్లో లోపలివారి నడక కూడా కాస్త చురుకే.

లెక్క చూడండి. 400 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టుకు సుమారు 92.5 నిమిషాలు. 200 దగ్గర 88.5. అంటే చుట్టుకు 4 నిమిషాలు కలిసొస్తాయి. నౌక కక్ష్యలో పడేసరికి స్టేషన్ సగం చుట్టు, అంటే 46 నిమిషాలు, ముందుందనుకుంటే పదకొండున్నర చుట్లు తిరగాలి. కింద అలా ఆగితేనే 17 గంటలు. నిజంగా నౌక మెల్లమెల్లగా పైకి ఎక్కుతుంటుంది కాబట్టి ఎక్కేకొద్దీ ఆ 4 నిమిషాల లాభం తగ్గుతుంది, ప్రయాణం ఇంకా సాగుతుంది. స్టేషన్ కొద్దిగానే ముందుండేలా చూసుకుని ప్రయోగిస్తే రెండు చుట్లలో పని అయిపోతుంది. అందుకోసం కొన్ని రోజుల ముందే స్టేషన్ కక్ష్యను సర్దుతారు. 2020 జూలైలో ఒక ప్రోగ్రెస్ మూడు గంటల 20 నిమిషాల లోపు చేరింది. 2022 నవంబర్ 12న చైనా తియాన్‌జౌ-5 నౌకకు 2 గంటల 7 నిమిషాలే పట్టాయి.

ఇంకో చిక్కు, ముహూర్తం. స్టేషన్ కక్ష్య ఉన్న తలం ప్రయోగ కేంద్రం మీదుగా పోయే క్షణంలోనే రాకెట్ లేవాలి. తలం తప్పితే పక్కకు తిప్పుకోవడానికయ్యే ఇంధనం ఏ నౌకా మోయలేదు. ఆ క్షణం దాటితే మళ్లీ రేపే, అదీ సుమారు 24 నిమిషాలు ముందుగా. భూమి ఆకారం ఆ తలాన్ని రోజుకు 5 డిగ్రీలు పడమటికి తిప్పుతుంది, సూర్యుడి చుట్టూ మన నడక వల్ల ఇంకో డిగ్రీ. డిగ్రీకి 4 నిమిషాలు.

"ఇంత వేగంలో రెండూ గుద్దుకోకుండా ఎలా కలుస్తాయి? ఇస్రో రెండు ఉపగ్రహాలను కక్ష్యలో కలిపిన స్పేడెక్స్ ప్రయోగంలో మనవాళ్లు రెండుసార్లు వాయిదా ఎందుకు వేశారు?" – చిత్తూరు, పాకాల నుంచి ముగ్గురు

ఈ నౌకల తయారీలో డబ్బూ కాలమూ మింగేది ఈ ఆఖరి రెండు వందల మీటర్లే. రెండూ కలిసి ఎంత వేగంతో పోతున్నాయన్నది పక్కన పెట్టండి, వాటి మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. దాన్ని సెకనుకు కొన్ని సెంటీమీటర్లకు దించాలి. యూరప్ ఏటీవీ నౌక 20 టన్నుల బరువుతో సెకనుకు 7 సెంటీమీటర్ల చొప్పున వచ్చి తగిలేది. స్పేడెక్స్‌లో అది సెకనుకు 10 మిల్లీమీటర్లు.

దూరాన్ని బట్టి చూపు మారుతుంది. పదుల కిలోమీటర్ల దూరంలో రెండింటి జీపీఎస్ లెక్కలను రేడియోలో పోల్చుకుంటారు. కొన్ని వందల మీటర్లకు వచ్చాక అది చాలదు. స్టేషన్ మీద అద్దాల్లాంటి రిఫ్లెక్టర్లుంటాయి, నౌక వాటి మీద లేజర్ వేసి దూరం, వాలు కొలుస్తుంది. దారిలో ఆగే చోట్లు ముందే రాసి ఉంటాయి. స్పేడెక్స్‌లో అవి 5 కిలోమీటర్లు, ఒకటిన్నర కిలోమీటరు, 500 మీటర్లు, 225, 15, 3. ప్రతి చోటా ఆగి, సెన్సర్లు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూశాకే ముందడుగు. 2025 జనవరిలో ఒకసారి రెండు ఉపగ్రహాలు అనుకున్నదానికంటే ఎక్కువగా జరుగుతున్నాయని ఆపేశారు. 12న 3 మీటర్ల దాకా వచ్చి వెనక్కి తీశారు. 16న కలిపారు. 3 మీటర్ల నుంచి చెప్పినట్టు వెనక్కి రావడం కూడా ఆ పూట పరీక్షలో భాగమే, దాన్ని ఓటమి కింద రాసినవాళ్లు తొందరపడ్డారు.

అంతర్జాతీయ స్టేషన్‌కు వచ్చే నౌకలకు ఒక కఠిన నియమం ఉంది. ఒక భాగం చెడిపోయినా పని ఆగకూడదు, రెండు చెడిపోయినా స్టేషన్‌కు ముప్పు రాకూడదు. అందుకే నౌకలో కంప్యూటర్లు ఒకటికి మూడు ఉండి, లెక్క తేడా వస్తే రెండింటి మాట నెగ్గుతుంది. ఇవన్నీ మొండికేసినా నౌకను పక్కకు తీసుకుపోయే ఏర్పాటు విడిగా ఉంటుంది. లోపలివారి దగ్గర కూడా ఆపు, వెనక్కి పో, పారిపో అనే మీటలుంటాయి. దారి కూడా అలాగే ఎంచుతారు: ఇంజన్లన్నీ ఒక్కసారి ఆగిపోయినా నౌక స్టేషన్ మీదికి కొట్టుకురాకుండా పక్కకు తొలగిపోయేలా.

అంతా మనిషి చేతికే వదిలేస్తే ఏమవుతుందో 1997 జూన్ 25న రష్యా మిర్ స్టేషన్‌లో తెలిసింది. రాడార్ ఆపి, టీవీ తెర చూస్తూ చేత్తో నడిపించే పరీక్షలో ప్రోగ్రెస్ ఎం-34 వచ్చి స్పెక్టర్ అనే గదిని గుద్దింది. వెనక మబ్బులు, ముందు స్టేషన్. తెర మీద దూరం తేలలేదు. గాలి కారుతుంటే ఆ గది తలుపు వేద్దామంటే గుమ్మంలోంచి పోయే కేబుళ్లు అడ్డం. వాటిని ఊడదీసి, రానివాటిని కోసి, మూత బిగించారు. గుమ్మంలోంచి వైర్లు లాగాల్సి వస్తే వెంటనే ఊడే కనెక్టర్లు పెట్టాలన్నది ఈ రంగంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

కలిసే పద్ధతులు రెండు. ప్రోగ్రెస్, అమెరికా నౌక ఇప్పటి డ్రాగన్, తియాన్‌జౌ తామే వచ్చి స్టేషన్ ద్వారానికి తగులుకుంటాయి, దీన్నే డాకింగ్ అంటారు. అమెరికా సిగ్నస్, జపాన్ హెచ్‌టీవీ-ఎక్స్ 10 మీటర్ల దూరంలో నిలబడతాయి, స్టేషన్ రోబో చెయ్యి పట్టి తెచ్చి అతికిస్తుంది, 16 బోల్టులు బిగుస్తాయి. డాకింగ్ ద్వారం సుమారు 80 సెంటీమీటర్లు. చెయ్యి అతికించే ద్వారం 127 సెంటీమీటర్ల చదరం. బీరువా అంత పరికరాలు పంపాలంటే రెండోదే దిక్కు.

కలిశాక వెంటనే తలుపు తీయరు. కొక్కేలు పడ్డాక రెండు తలుపుల మధ్య గాలి నింపి, సీళ్లలోంచి ఒత్తిడి పడిపోతోందా అని గంటకు పైగా చూస్తారు. తీశాక మొదట వెళ్లేవారు కళ్లజోడు, మాస్కు పెట్టుకునే వెళ్తారు. నేల మీద మూలకు పేరుకునే లోహపు రజను, దుమ్ము అక్కడ ముఖం ముందు తేలుతుంటాయి.

"శుభాంశు శుక్లా మామిడి రసం తీసుకెళ్లాడని చదివాం. మా తోతాపురి గుజ్జు కూడా పంపవచ్చా? ప్యాకింగ్ ఎలా ఉండాలి?" – గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పాఠకులు, చిత్తూరు

తిండి తయారీలో ఎక్కడ ప్రమాదం రావచ్చో ముందే చూసుకునే హాసప్ రికార్డులు మీరు రోజూ రాస్తారే, ఆ పద్ధతి పుట్టిందే 1960ల్లో అమెరికా వ్యోమగాముల తిండి కోసం. కాబట్టి సగం పని మీకు వచ్చినట్టే. 2025 జూన్‌లో ఆయన వెంట క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం వెళ్లాయి.

అయితే మీ 215 కిలోల అసెప్టిక్ డ్రమ్ము అక్కడ పనికిరాదు. సరుకంతా 50 x 42 x 25 సెంటీమీటర్ల గుడ్డ సంచుల్లో వెళ్తుంది, ఒక్కోదానికి 27 కిలోలు మించకూడదు. సంచిలో ప్రతి వస్తువు చుట్టూ నురుగు షీటు, సంచి మీద బార్‌కోడ్. రెండు మూడు రెట్ల సైజు సంచులూ ఉంటాయి. గుజ్జయితే ఒక్కరికి సరిపడే పౌచ్‌లో, గొట్టానికి క్లిప్పుతో. పౌచ్‌లో మిగిలిన గాలి తక్కువుండాలి, లేకపోతే ఒత్తిడి మారినప్పుడు ఉబ్బి అతుకు ఊడుతుంది. టిన్ను వద్దు, ఖాళీ అయ్యాక నొక్కితే నలగదు, చెత్తలో చోటు తింటుంది. అసలు మా ఓటు మామిడి తాండ్రకు. పొడి రాలదు, చోటు తినదు. గుజ్జులోని నీరు దండగ అనుకోకండి, అది మనిషి ఒంట్లోంచి చెమటగా, మూత్రంగా వచ్చి మళ్లీ శుద్ధి యంత్రంలోకే చేరుతుంది.

ఎక్కువమంది మరిచిపోయేది బరువు సర్దడం. భాకరాపేట ఘాట్‌లో లోడు ఒక పక్కకు ఒరిగిన లారీ ఏమవుతుందో మీకు తెలుసు. నౌకలో బరువు కేంద్రం ఇంజన్ తోసే గీత నుంచి పక్కకు జరిగితే ఇంజన్ వెలిగిన ప్రతిసారీ నౌక తిరగబోతుంది, చిన్న ఇంజన్లు దాన్ని నిలబెట్టడానికే ఇంధనం తగలేస్తాయి. అందుకే ఏ సంచి ఏ అరలో అన్నది లెక్క వేశాకే ఎక్కిస్తారు. ఆఖరి 24 గంటల్లో ఎక్కించే శీతల నమూనాలకు, తాజా పండ్లకు చోటు ముందే వదిలి ఉంచుతారు. కొత్త ప్లాస్టిక్, జిగురు వాడితే వాటి నుంచి వచ్చే ఆవిర్లకు విడిగా పరీక్ష ఉంటుంది. కిటికీ తెరవలేని ఇల్లు కదా.

"బరువే లేని చోట ట్యాంకులోంచి ట్యాంకులోకి ఇంధనం ఎలా పోస్తారు?" – పెట్రోల్ బంకు యజమాని, పలమనేరు

పోయడం కుదరదు, నెట్టాలి. ట్యాంకు లోపల ఒక సాగే పొర ఉంటుంది. ఒకవైపు ఇంధనం, ఇంకోవైపు ఒత్తిడి మీదున్న వాయువు. పొర నొక్కితే ఇంధనం గొట్టంలోకి వస్తుంది. చిక్కల్లా అవతలి ట్యాంకుతోనే. అందులోనూ పొర వెనక వాయువు బిగుసుకుని ఉంటుంది కాబట్టి ముందు కంప్రెసర్‌తో ఆ నైట్రోజన్‌ను లాగి సిలిండర్లలోకి తిరిగి ఎక్కించాలి. ఒత్తిడి తగ్గాకే ఇంధనం లోపలికి దిగుతుంది.

గొట్టాలు డాకింగ్ రింగులోనే ఉంటాయి, కొక్కేలు పడగానే కలుస్తాయి. మొదట వాయువుతో లీకు పరీక్ష. తర్వాత ఇంధనం ఒకసారి, దాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్ విడిగా ఇంకోసారి. రెండూ తగిలితే నిప్పు లేకుండానే అంటుకుంటాయి. ఇంజన్‌లో అదే సౌకర్యం, గొట్టంలో అదే ప్రమాదం. విడిపోయే ముందు గొట్టాల్లో మిగిలినదాన్ని శూన్యంలోకి ఊదేస్తారు. చుక్క మిగిలినా అది బయట నడకకు వెళ్లినవారి సూట్‌కు అంటి లోపలికి వచ్చే వీలుంది. ఇదంతా మొదట 1978లో ప్రోగ్రెస్-1తోనే జరిగింది. ఆ ఇంధనం ఎందుకంటే, 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా పల్చటి గాలి ఉంది. దాని రాపిడికి స్టేషన్ నెలకు సుమారు 2 కిలోమీటర్లు జారుతుంది, మళ్లీ పైకి తోయాలి.

"నీళ్లు ఎన్ని పంపుతారు?" – గృహిణి, చంద్రగిరి

మనిషికి రోజుకు మూడున్నర లీటర్లు అనుకుందాం. ముగ్గురికి ఆరు నెలలకు 1,890 లీటర్లు, అంటే మీ ఇంటికి వచ్చే 20 లీటర్ల క్యాన్లు 95. అంతర్జాతీయ స్టేషన్ 2023 నాటికి నీటిలో 98 శాతం తిరిగి పట్టగలిగింది. ఆ లెక్కన కాగితం మీద రెండు క్యాన్లు చాలు. కానీ యంత్రం ఆగితే? 2024లో మూత్రం శుద్ధి చేసే పంపు పాడైంది. సుమారు 70 కిలోల కొత్త పంపును జూన్‌లో బోయింగ్ నౌక స్టార్‌లైనర్‌లో ఎక్కించడానికి ఇద్దరు వ్యోమగాముల బట్టల పెట్టెలు దించేశారు. అందుకే నిల్వ నీళ్లూ, విడి భాగాలూ రెండూ పంపుతారు.

"తిరిగి వచ్చేటప్పుడు చెత్త మన మీద పడదా?" – నగరి

డ్రాగన్ ఒక్కటే సరుకుతో క్షేమంగా సముద్రంలో దిగుతుంది. మిగతావన్నీ చెత్త నింపుకుని కాలిపోతాయి. అక్కడ బట్టలు ఉతకరు, మాసేదాకా తొడిగి పారేస్తారు. అవీ, ఖాళీ పౌచ్‌లూ, పాడైన పంపులూ ఇందులోనే పోతాయి. వెళ్లిపోయాక వేగం సెకనుకు 100 మీటర్లకు కాస్త పైగా తగ్గిస్తే చాలు, దక్షిణ పసిఫిక్‌లో ఓడలు తిరగని చోటికి గురి కుదురుతుంది. చెత్త ఎక్కించడంలోనూ బరువు లెక్క తప్పదు.

గురి పెట్టకుండా వదిలితేనే భయం. 2021 మార్చిలో పాత బ్యాటరీలున్న 2.6 టన్నుల పళ్లేన్ని, తీసుకుపోయే నౌక లేక, రోబో చేత్తో ఊరికే వదిలేశారు. మూడేళ్లకు, 2024 మార్చి 8న, అది దిగుతూ కాలగా మిగిలిన 0.7 కిలోల ముక్క ఫ్లోరిడాలో ఒక ఇంటి కప్పు చీల్చుకుని పడింది.

"ఈ నౌకలు విఫలమైతే లోపలివాళ్లు పస్తులేనా?" – శ్రీకాళహస్తి

2014 అక్టోబర్ 28, 2015 ఏప్రిల్ 28, 2015 జూన్ 28. ఎనిమిది నెలల్లో మూడు నౌకలు పోయాయి, అన్నీ 28వ తేదీనే. సిగ్నస్‌ను మోసిన అంటారెస్ రాకెట్ లేచిన కొన్ని సెకన్లకే ప్యాడ్ పక్కన కూలింది, తప్పు ఇంజన్ పంపుది. ప్రోగ్రెస్ ఎం-27ఎం రాకెట్ మూడో దశ నుంచి విడిపోయేటప్పుడు దెబ్బతిని గిర్రున తిరిగి, మే 8న కాలిపోయింది. మూడోది డ్రాగన్. దాన్ని మోసిన ఫాల్కన్ రాకెట్ రెండో దశ ఆక్సిజన్ ట్యాంకులో హీలియం సీసాను పట్టి ఉంచే కడ్డీ, తట్టుకోవాల్సిన బరువులో ఐదో వంతుకే విరిగిందని దాన్ని తయారుచేసిన స్పేస్‌ఎక్స్ కంపెనీ తేల్చింది. సీసా పైకి ఎగదన్నింది, ట్యాంకు పగిలింది. ఆ నౌక కింద పడేదాకా బాగానే ఉంది. పారాచూట్లు తెరవమని చెప్పే ప్రోగ్రాం అందులో లేకపోవడమే లోటు. తర్వాత నౌకల్లో పెట్టారు.

అయినా ఎవరూ పస్తులుండలేదు. నెలల నిల్వ ఎప్పుడూ ఉంటుంది. పోయిన మూడూ మూడు వేర్వేరు రాకెట్ల మీద వెళ్లినవి కాబట్టి ఒకటి ఆగితే ఇంకోటి నడిచింది. జూలై 3నే ఇంకో ప్రోగ్రెస్ వెళ్లింది, ఆగస్టులో జపాన్ నౌక. ఒకే రకం బండిని నమ్ముకుని స్టేషన్ కట్టకూడదన్నది మా గట్టి అభిప్రాయం, అది ఎంత చవక పడినా సరే.

"మన సొంత స్టేషన్‌కు సరుకులు శ్రీహరికోట నుంచే వెళ్తాయా? ఇంకా ఏం మిగిలుంది?" – డిగ్రీ విద్యార్థిని, పుత్తూరు

భారతీయ అంతరిక్ష స్టేషన్ 5 భాగాలతో సుమారు 52 టన్నులు. మొదటి భాగం 2028కి, మొత్తం 2035కి అని లక్ష్యం. కక్ష్య వాలు, అంటే భూమధ్యరేఖతో చేసే కోణం, 51.5 డిగ్రీలు. శ్రీహరికోట నుంచి ఆ వాలుకు రెండే దిక్కులు: ఈశాన్యంగా వెళ్తే ఒడిశా, బెంగాల్ మీదుగా పోవాలి, ఆగ్నేయంగా వెళ్తే బంగాళాఖాతం మీదుగా శ్రీలంకకు, సుమత్రాకు మధ్య సముద్రమే. రెండోదే దారి.

మన పెద్ద రాకెట్ ఎల్‌వీఎం-3 మోసేది 8 టన్నుల దాకా. ప్రోగ్రెస్ నిష్పత్తి చూస్తే అందులో సరుకు మూడు టన్నుల లోపే. ముగ్గురికి ఆరు నెలల తిండి, ప్యాకింగ్‌తో మనిషికి రోజుకు 1.8 కిలోల లెక్కన, 970 కిలోలు. మిగతాది ఇంధనం, విడి భాగాలు, నీళ్లు, పరిశోధన పరికరాలు. ఏడాదికి రెండు నౌకలైనా కావాలి.

మిగిలిన పెద్ద పని డాకింగ్ యంత్రమే. స్పేడెక్స్ ఉపగ్రహాలు ఒక్కోటి 220 కిలోలు. 8 టన్నుల నౌక అదే వేగంతో వచ్చినా 36 రెట్ల శక్తితో తగులుతుంది. ఆ తాకిడిని మింగే డ్యాంపర్లు, 45 సెంటీమీటర్ల రింగు స్థానంలో మనిషి దూరేంత వెడల్పు ద్వారం, దాని చుట్టూ గాలి చొరబడని జంట సీళ్లు కావాలి. ఒక నౌక నుంచి ఇంకోదానికి కరెంటు పంపడం 2025 ఏప్రిల్‌లో రెండో డాకింగ్ తర్వాత చేసి చూశారు. ద్రవాలు పంపే గొట్టాలు మాత్రం ఆ రింగులో లేవు.